దంతవైద్య విద్యార్థుల మెడనొప్పి: మందుకన్నా ముందు కూర్చునే తీరు మారాలి

ప్రశ్న: నా వయసు 22 ఏళ్లు. దంతవైద్యం మూడో సంవత్సరం చదువుతున్నాను. క్లినికల్ పోస్టింగులు మొదలైనప్పటి నుంచి సాయంత్రానికల్లా మెడ, రెక్కల మధ్య భాగం బిగుసుకుపోతున్నాయి. కొద్ది వారాలుగా రాత్రిపూట కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. ఈ వృత్తిలో ఇవన్నీ మామూలేనని సీనియర్లు అంటున్నారు. నొప్పి మాత్రలతో నెట్టుకురావచ్చా? లూప్స్ (కళ్లద్దాలకు అమర్చే భూతద్దాలు) వాడితే ఫలితం ఉంటుందా?

జవాబు: మీకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. వాటిలో ముందుగా పట్టించుకోవలసింది వేళ్ల తిమ్మిరిని. మణికట్టులోని ఇరుకు మార్గంలో మీడియన్ నరం ఒత్తిడికి గురైనప్పుడు సరిగ్గా మీరు చెప్పిన వేళ్లలోనే తిమ్మిరి పుడుతుంది, రాత్రిపూట పెరుగుతుంది, చెయ్యి విదిలిస్తే సర్దుకుంటుంది. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. అయితే మెడలో నరాల మూలం నొక్కుకున్నా ఇవే వేళ్లు తిమ్మిరెక్కే అవకాశం ఉంది కనుక ఉత్తరం చూసి నిర్ధారించడం సరికాదు. ఆర్థోపెడిక్ లేదా న్యూరాలజీ నిపుణులను ఆలస్యం చేయకుండా కలవండి. అవసరమనిపిస్తే వారు నర్వ్ కండక్షన్ పరీక్షతో (నరంలో సంకేతాలు ఎలా సాగుతున్నాయో చూసే పరీక్ష) పాటు థైరాయిడ్, మధుమేహ పరీక్షలు కూడా రాస్తారు. ఈలోగా నిద్రలో మణికట్టు వంగకుండా పట్టి ఉంచే స్ప్లింట్ చాలామందికి ఉపశమనం ఇస్తుంది.

ఇక మెడ విషయం. తల బరువు సుమారు 5 కిలోలు. మెడ ముందుకు వంగే కొద్దీ ఆ బరువును నిలిపి ఉంచడానికి వెనక కండరాలు అంతకు ఎన్నో రెట్లు శ్రమిస్తాయి. పైగా నోటి లోపల పని చేస్తున్నంతసేపూ మీరు కదలరు. కదలకుండా బిగిసిన కండరంలోకి రక్తం సరిగా చేరదు, అందుకే బరువులేమీ ఎత్తకపోయినా సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. సీనియర్లు అన్నట్టు ఈ వృత్తిలో ఇది తరచుగా కనిపిస్తుందన్న మాట నిజమే. తరచుగా కనిపిస్తుంది కాబట్టి భరించాలనడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. చదువుకునే రోజుల్లో పడిన భంగిమే తర్వాత ఏళ్ల తరబడి కొనసాగుతుంది కనుక మార్చుకోవడానికి ఇదే సరైన సమయం.

చాలామంది విద్యార్థులు రోగిని ఎలాగో ఒకలా పడుకోబెట్టి, పన్ను కనిపించే దాకా తాము వంగుతూ పోతారు. ఈ వరుస తిరగబడాలి. ముందు మీరు కూర్చోండి: పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, తుంటి మోకాళ్లకన్నా కాస్త ఎత్తులో ఉండాలి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. ఆ తర్వాత రోగి నోరు మీ మోచేతుల ఎత్తుకు, లేదా అంతకు కొద్దిగా పైకి వచ్చేలా చెయిర్‌ను సర్దండి. పై దంతాలకు రోగిని పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టి గడ్డం పైకెత్తమనండి. కింది దంతాలకు చెయిర్ వీపు భాగాన్ని కొంచెం లేపి గడ్డం దించమనండి. తల తిప్పమని రోగిని అడగడానికి విద్యార్థులు మొహమాటపడుతుంటారు, ఆ మొహమాటం భారం మీ మెడ మీదే పడుతుంది. మెడ వంపు 20 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. మీరు పని చేస్తుండగా పక్కనుంచి ఫొటో తీయమని తోటి విద్యార్థిని అడగండి, రోగి ముఖం అందులో పడకుండా చూసుకోండి. మీ వంపు ఎంతో ఆ ఫొటోలోనే తెలుస్తుంది.

పై దవడ దంతాల పని మౌత్ మిర్రర్‌లో చూస్తూ, రోగి తలకు సరిగ్గా వెనక (గడియారంలో 12 అంకె ఉండే చోటు అనుకుంటే, 12 గంటల స్థానం) నుంచి చేయడం నేర్చుకోండి. అద్దంలో చేతి కదలిక తారుమారుగా కనిపించడం వల్ల మొదట్లో విసుగు పుడుతుంది. చాలామంది అక్కడే వదిలేసి మెడ తిప్పడానికి అలవాటుపడతారు. ఫాంటమ్ హెడ్ (సాధన కోసం వాడే తల బొమ్మ) మీద ఎన్నిసార్లయినా సాధన చేసి దీనిపై పట్టు సాధించవలసిందే.

చేతుల విషయంలో స్కేలింగ్ (పళ్ల మీది గార తీయడం) మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి. మొద్దుబారిన పరికరంతో గార తీయాలంటే వేళ్లతో మరింత గట్టిగా నొక్కిపట్టాలి, కాబట్టి పదును చూసుకోవడం నరాన్ని కాపాడుకోవడమే. పిడి లావుగా, తేలికగా ఉన్న పరికరాలు ఎంచుకోండి, వేలికి పంటి మీద ఆనిక ఇవ్వండి, మణికట్టును వంచి కాకుండా ముంజేతి కదలికతో పని చేయండి. గట్టిగా ఉన్న గార ముద్దలను ముందు అల్ట్రాసోనిక్ పరికరంతో (కంపనాలతో గారను వదిలించేది) తీసేస్తే చేతిశ్రమ చాలావరకు తగ్గుతుంది. గ్లోవ్స్ బిగుతుగా ఉండకూడదు.

లూప్స్ తప్పకుండా ఉపయోగపడతాయి, కానీ ఒక షరతు ఉంది. మీరు నిటారుగా కూర్చున్నప్పుడు నోటికీ కంటికీ ఉండే దూరాన్ని, చూపు కిందికి వాలే కోణాన్ని కొలిచి తయారు చేయించాలి. ఎవరివో తెచ్చి పెట్టుకుంటే మెడ మరింత వంగవచ్చు.

పని మధ్యలో ప్రతి పావుగంటకో ఇరవై నిమిషాలకో అర నిమిషం ఆగి, భుజాలు వెనక్కి లాగి, దూరంగా చూడండి. మెడ లోపలి కండరాలకు, రెక్కల కండరాలకు బలమిచ్చే వ్యాయామాలను ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి. తిమ్మిరికి కారణం తేలేవరకు మాత్రం ఎవరితోనూ మెడ విరిపించుకోకండి.

నొప్పి మాత్రలు రెండు మూడు రోజులకు మించి సొంతంగా వాడవద్దు. అవి కడుపుకు, మూత్రపిండాలకు హాని చేయగలవు, నరం మీది ఒత్తిడిని తగ్గించలేవు. పట్టు సడలి పరికరాలు చేజారడం, బొటనవేలి మొదట్లో కండ తగ్గడం, నడకలో తూలడం, మల మూత్రాలపై అదుపు తప్పడం వంటివి కనిపిస్తే పోస్టింగ్ ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.