మాల్దీవులు మునిగిపోతాయట, మా అబ్బాయిని వచ్చేయమనాలా?

ప్రశ్న: మా అబ్బాయి మూడేళ్లుగా మాల్దీవుల్లో ఒక రిసార్ట్‌లో వంట మాస్టర్‌. సముద్రం పెరిగి ఆ దేశం మునిగిపోతుందని టీవీలో చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. చుట్టూ ఉప్పు సముద్రమే కదా, అసలు వాళ్లు తాగేది ఏ నీళ్లు? వాడిని ఇంటికి వచ్చేయమనాలా?
– ఒక తల్లి, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే పిలిపించుకోవాల్సిన పని లేదు. అయితే మీ భయం ఉత్తదేమీ కాదు. అక్కడున్నవి దాదాపు 1,190 చిన్న దీవులు, నేలలో 80 శాతం సముద్రమట్టానికి మీటరు ఎత్తు కూడా ఉండదు. కానీ మీరడిగిన రెండో ప్రశ్నే అసలైనది, ఎందుకంటే అలాంటి దీవులు మునగడానికి చాలా ముందే వాటికి మంచినీళ్ల కరువొస్తుంది.

మీ వైపు ఇసుక నేలల్లో దొరువులు, అంటే లోతు తక్కువ గుంట బావులు, చూసే ఉంటారు. నాలుగు బారలు కూడా తవ్వకుండానే తియ్యటి నీళ్లు పడతాయి, అదే చోట లోతుగా బోరు వేస్తే ఉప్పునీళ్లొస్తాయి. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు, అందుకని మంచినీరు ఇసుకలో ఉప్పునీటి మీద పొరలా తేలుతూ ఉంటుంది. దీవుల కింద ఉన్నదీ ఆ పొరే. పైన మంచినీటి మట్టం ఒక్క అడుగు తగ్గితే, లెక్క ప్రకారం కింద ఉప్పునీరు 40 అడుగుల దాకా పైకి రావచ్చు. ఇక అలలు దీవి మీదుగా పొర్లితే పైనుంచి కూడా ఉప్పు దిగుతుంది, 2004 సునామీలో అక్కడి బావులు చాలా అలాగే పాడయ్యాయి.

పసిఫిక్‌లోని కిరిబాటి దేశం వాళ్లు తరావాలో లోతుగా తోడకుండా, ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు పరిచి పైపైన నీటిని మెల్లగా లాగుతారు. బాపట్లలో మన శాస్త్రవేత్తలు దొరువులకు చేసిన మార్పు కూడా ఇదే. ఎక్కడో మహాసముద్రం మధ్య ఉన్నవాళ్లకీ మనకీ ఒకే ఉపాయం పనికొచ్చిందంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

రాజధాని మాలేలో మాత్రం సముద్రపు నీటిని మిషన్లతో శుద్ధి చేసి ఇస్తారు. 2014 డిసెంబరులో ఆ ప్లాంటులో మంటలు రేగి లక్షమందికి పైగా నీళ్లు లేకుండా పోతే, మన నేవీ ఓడలు, ఎయిర్‌ఫోర్స్ విమానాలు తాగునీళ్లు మోసుకెళ్లాయి. అందుకే ఒక్క ప్లాంటునే నమ్ముకోకూడదని నా గట్టి అభిప్రాయం, ప్రతి కప్పు మీదా పడే వాన తొట్టెలోకి చేరాలి.

నేల ఎత్తు పెంచే పని కూడా జరుగుతోంది. మాలే పక్కన 1997 నుంచి సముద్రపు ఇసుక తోడిపోసి, సుమారు 2 మీటర్ల ఎత్తున హుల్‌హుమాలే అనే దీవిని కట్టుకున్నారు. దానికి బోలెడు డబ్బు కావాలి, ప్రపంచాన్ని వేడెక్కించిన పొగలో వాళ్ల వాటా చూస్తే ఎంతో కొంచెం, అయినా ఖర్చు వాళ్ల నెత్తిన పడటం అన్యాయం.

ఈసారి అబ్బాయి ఫోన్ చేసినప్పుడు, మీ దీవిలో వాన నీళ్ల ట్యాంకు ఉందా, మిషన్ ఆగిపోతే ఎన్ని రోజులకు సరిపడా నీళ్లుంటాయి అని అడగండి. మీ దొరువుకి మోటారు ఉంటే గంటల తరబడి ఆపకుండా తోడకండి, కాసేపు తోడి మళ్లీ ఊరనివ్వండి.