నడుము పూసలు కలిపే ఆపరేషన్ తరువాత: నెలలు గడిచినా నొప్పి ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. నా వయసు 46. ఇంటి వద్దనే జాకెట్లు కుడుతూ సంసారానికి ఆసరాగా ఉంటున్నాను. నడుములో పూస ముందుకు జారి కుడి కాలి నరాన్ని నొక్కుతున్నదని చెప్పి, నాలుగు నెలల క్రితం ఎల్‌4, ఎల్‌5 పూసలను స్క్రూలు, రాడ్లు వేసి కలిపారు. కాలిలో షాక్ కొట్టినట్లు వచ్చే నొప్పి పోయింది. కానీ పొద్దున లేచేసరికి నడుము పట్టేసి ఉంటుంది, సాయంత్రానికి సలుపు మొదలవుతుంది, బొటనవేలి దగ్గర తిమ్మిరి అలాగే ఉంది. ఎక్స్‌రే బాగుందని సర్జన్ గారు అన్నారు. ‘లక్షలు పోసి ఆపరేషన్ చేయించాము, ఇంకా నొప్పేమిటి’ అని ఇంట్లో అంటున్నారు. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని మా అత్తగారు చారన్నమే పెడుతున్నారు. ట్రమడాల్ మాత్ర మానితే నిద్ర పట్టడం లేదు. నా ఆపరేషన్ విఫలమైందా? మళ్లీ మిషను తొక్కగలనా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, కాలి నొప్పి పోయిందన్న సంగతిని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయారు గానీ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించినది అదే. నలిగిన నరానికి చోటు కల్పించడం, జారిన పూస మళ్లీ కదలకుండా నిలపడం అనే రెండు పనుల కోసం ఈ ఆపరేషన్ చేస్తారు. మొదటి పని నెరవేరిందని మీ కాలే చెబుతున్నది. రెండవ పని ఇంకా సాగుతూ ఉంది. మీరు రాసిన వివరాలను బట్టి ఆపరేషన్ విఫలమైందని అనడానికి నాకు ఆధారమేమీ కనిపించలేదు.

పూసలు ఆపరేషన్ బల్ల మీద అతకవు. ఈ మాట రోగికీ ఇంటివారికీ ముందే విడమరచి చెబితే సగం దిగులు తగ్గుతుందని నా అభిప్రాయం. స్లాబు పోసిన రోజున బరువంతా మోసేది కింద నిలిపిన సెంట్రింగే అయినట్లు, మొదటి నెలల్లో మీ నడుమును స్క్రూలూ రాడ్లూ పట్టి ఉంచుతాయి. పూసల మధ్య సర్జన్ ఉంచిన ఎముక ముక్కల ఆధారంగా కొత్త ఎముకను పెంచుకొని రెండు పూసలను ఒకటిగా చేసుకోవలసింది మీ శరీరమే. ఆ కొత్త ఎముక గట్టిపడడం మొదలు కావడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పూర్తిగా బిగిసేసరికి ఏడాది, కొందరిలో ఏడాదిన్నర కూడా అవుతుంది. నాలుగవ నెలలో ఉన్న మీరు ఇంకా దారి మధ్యలోనే ఉన్నారు.

ఎక్స్‌రే బాగుండడానికీ నొప్పి ఉండడానికీ వైరుధ్యం లేదు. స్క్రూలు వదులు కాలేదా, పూస తన చోట ఉందా, ఎముక పెరుగుతున్న జాడ ఉందా అన్నవి మాత్రమే ఎక్స్‌రే చూపిస్తుంది. వెన్నును చేరుకోవడానికి పక్కకు తొలగించిన లోతైన కండరాలు ఎంత కోలుకున్నాయో అది చూపదు. ఆపరేషన్‌కు ముందు నొప్పికి భయపడి కదలకుండా గడిపిన నెలల్లో ఆ కండరాలు ఎంత చిక్కిపోయాయో కూడా అందులో కనబడదు. పొద్దున పట్టివేత, సాయంత్రపు సలుపు ఎక్కువగా ఆ కండరాల నుంచి వచ్చేవే. తిమ్మిరి సంగతి వేరు. నరం కేవలం నలిగి ఉంటే వారాల్లో, నెలల్లో తేరుకుంటుంది. లోపలి పోగులు దెబ్బతిని ఉంటే అవి మళ్లీ పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే, నడుము నుంచి బొటనవేలి వరకు దూరమేమో మీటరుకు దగ్గరగా ఉంటుంది. అందుకే సాధారణంగా కాలి నొప్పి ముందుగా, నడుము నొప్పి నిదానంగా, తిమ్మిరి అన్నిటికంటే చివరగా తగ్గుతాయి. కొందరిలో కొద్దిపాటి మొద్దుబారడం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. ఈ విషయం దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

‘ఈ రోజు నొప్పి ఎంత ఉంది’ అని గంటగంటకూ చూసుకోవడం మానండి. నిన్న ఎంతసేపు నడిచారు, ఎంతసేపు కూర్చున్నారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది అన్నవి ఒక చిన్న పుస్తకంలో రాసుకొని, వారానికొకసారి వెనక్కి తిప్పి చూడండి. నొప్పి రోజురోజుకూ హెచ్చుతగ్గులవుతుంది గనుక దానితో కొలిస్తే మీకు నిరాశే మిగులుతుంది, చేయగలుగుతున్న పనితో కొలిస్తే మెరుగుదల కంటికి కనిపిస్తుంది. ఈ దశలో చాలామంది ఆడవారు చేసే పని మరొకటి ఉంది: నొప్పి తక్కువగా ఉన్న రోజున పేరుకుపోయిన బట్టలు, అంట్లు, ఇల్లు తుడవడం అన్నీ ఒకేసారి ముగించి, తరువాత రెండు రోజులు మంచం దిగలేకపోతారు. బాగున్న రోజైనా బాగులేని రోజైనా పని ఒకే మోతాదులో ఉండాలి. ఇప్పుడు పది నిమిషాలు నడవగలిగితే రోజుకు మూడుసార్లు పది నిమిషాలే నడిచి, వారం తరువాత మరి రెండు నిమిషాలు కలపండి. నడిచిన తరువాత కొంచెం నొప్పి పెరిగి మర్నాటికి తగ్గిపోతే అది కండరం అలవాటు పడుతున్నదనడానికి గుర్తు. మర్నాడు కూడా తగ్గకపోతే మోతాదు తగ్గించాలి.

మిషను విషయంలో మీకు ఆశ వదులుకోవలసిన అవసరం లేదు. సర్జన్ గారు అనుమతించిన తరువాత ముందుగా హుక్కులు, హెమ్మింగ్ వంటి చేతి పనులను వీపు ఆనించే కుర్చీలో కూర్చొని, పదిహేను ఇరవై నిమిషాలకొకసారి లేచి నాలుగడుగులు వేస్తూ మొదలుపెట్టండి. మీ వృత్తిలో నడుముకు ఎక్కువ హాని చేసేది కుట్టడం కన్నా నేల మీద గుడ్డ పరచి, వంగి కత్తిరించడం. ఆ పనిని శాశ్వతంగా మానేసి, నిలబడితే మోచేతి ఎత్తుకు వచ్చే బల్ల మీద కత్తిరింపు పెట్టుకోండి. కాలితో తొక్కే మిషనుకు మోటారు బిగించుకోవడం, కుట్టే చోటు మీద వంగనవసరం లేకుండా కుర్చీ ఎత్తు సరిచేసుకోవడం కూడా మందులతో సమానమైన వైద్యమే. రాత్రి పక్కకు తిరిగి, రెండు మోకాళ్ల నడుమ దిండు పెట్టుకొని పడుకుంటే పొద్దుటి పట్టివేత కొంత తగ్గుతుంది.

ట్రమడాల్‌ను మీరంతట మీరు ఒక్కసారిగా మానవద్దు. నెలల తరబడి వాడిన శరీరం దానికి అలవాటు పడి ఉంటుంది కాబట్టి, హఠాత్తుగా ఆపితే నిద్రలేమి, చెమటలు, ఒళ్లు నొప్పులు, ఆందోళన వస్తాయి. వాటిని మళ్లీ నడుము నొప్పిగానే భ్రమపడతాము. ఇది ఓపియాయిడ్ జాతి మందు, అంటే నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మందు. 2018లో మన ప్రభుత్వం దీనిని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. రాసిన వైద్యుడినే అడిగి, కొన్ని వారాల పాటు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. దిగులుకు వాడే సెర్ట్రలిన్ వంటి మందులేవైనా మీరు వేసుకుంటుంటే ఆ మాట తప్పక చెప్పండి, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే ప్రమాదం ఉంది. మలబద్ధకం ఉంటే అది కూడా ట్రమడాల్ దుష్ఫలితమే. ముక్కితే నడుము మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి నీరు, ఆకుకూరలు, అవసరమైతే విరేచనం సాఫీగా అయ్యే మందు వాడండి. ట్రమడాల్‌తో పారాసిటమాల్ కలిపిన మాత్రలు మన దుకాణాల్లో ఎక్కువ గనుక, విడిగా మరో పారాసిటమాల్ వేసుకుంటే రోజు మోతాదు తెలియకుండానే పెరిగి కాలేయానికి హాని జరగవచ్చు. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడడం మాత్రం వద్దు. కడుపుకు, మూత్రపిండాలకు చేసే చేటు అటుంచితే, ఎముక అతికే నెలల్లో ఆ జాతి మందులు అతుకును మందగింపజేస్తాయన్న జాగ్రత్తతో చాలామంది సర్జన్లు వాటిని పరిమితం చేస్తారు.

ఇక పథ్యం గురించి. పప్పు తింటే చీము పడుతుందన్నది మన ఇళ్లలో ఎంత గట్టి నమ్మకమో నాకు తెలుసు. మీ అత్తగారు మీ మేలు కోరే అలా చేస్తున్నారు, అందుచేత ఆమెతో వాదించకుండా ఈ పేరా చదివి వినిపించండి. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. ఆ క్రిములతో పోరాడే కణాలు, గాయాన్ని పూడ్చే కండ, ఎముకకు పునాది అయిన కొల్లాజెన్ అన్నీ మాంసకృత్తులతోనే తయారవుతాయి. పెద్ద ఆపరేషన్ తరువాత మనిషికి బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. చారన్నం ఒక్కదానితో అంత దొరకదు. రెండు పూటలా గట్టి పప్పు, ఒకటి రెండు గుడ్లు, పెరుగు, పాలు, తినే అలవాటుంటే చేపలు తీసుకోండి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రమే ఇందుకు వైద్యుని సలహా అడగాలి. రక్తంలో విటమిన్ డి పరీక్ష కూడా చేయించుకోండి. అది తక్కువగా ఉంటే ఎముక గట్టిపడడం ఆలస్యమవుతుంది, ఎండ పుష్కలంగా ఉన్న మన ప్రాంతంలో కూడా అది చాలామందిలో తక్కువే.

మీ ఇంట్లోవారికి ఒక మాట. కాలికి సిమెంటు కట్టు వేస్తే అందరూ కుర్చీ వేస్తారు. ఈమె గాయం చీర మాటున ఉంది గనుక ఎవరికీ కనిపించడం లేదు. ఖర్చు పెట్టిన లక్షలను రోజూ గుర్తు చేస్తే ఆ బాధతో నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు నొప్పి నిజంగానే పెరుగుతుంది. బిందెలు మోయడం, గ్రైండరు ఎత్తడం, నేల తుడవడం అనే మూడు పనులు మరికొన్ని నెలలు మీరు పంచుకోండి. అమ్మా, ఏడుపు ఆగకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా మానసిక సమస్యలకు సాయం అందించే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

కొత్తగా కాలు బలహీనపడినా, మూత్రం రాకపోయినా లేక తెలియకుండా పోయినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో పాటు కుట్ల దగ్గర ఎరుపు, స్రావం కనిపిస్తే అదే రోజు చూపించుకోవాలి. తగ్గుతూ వచ్చిన నొప్పి కొన్ని నెలల తరువాత తిరగబెట్టి, కదిలినప్పుడల్లా పెరుగుతుంటే అతుకు సరిగా పడిందో లేదో చూడడానికి సీటీ స్కాన్ అవసరం కావచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. నడుము పూసలు కలిపే ఆపరేషన్ అయి మూడు వారాలైంది. కదిలితే స్క్రూలు ఊడిపోతాయని రోజంతా బెల్టు కట్టుకొని పడుకునే ఉంటున్నారు. రోజుకు రెండు చుట్టలు మాత్రం మానలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: పూసలను కలిపే శస్త్రచికిత్సను 1911లో న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు వేర్వేరుగా మొదలుపెట్టారు. వెన్నుకు క్షయ సోకినవారి కోసం వచ్చిన వైద్యమది. లోపల పట్టి ఉంచే లోహమేదీ లేదు కాబట్టి ఆనాటి రోగులు పిండి కట్లలో నెలల తరబడి పడుకోవలసి వచ్చేది. స్క్రూలు వేయడంలో ముఖ్యమైన ప్రయోజనమే మనిషిని త్వరగా లేపి నడిపించడం. నడిస్తే అవి ఊడవని మీ నాన్నగారికి సర్జన్ చేతనే చెప్పించండి. పడుకొనే ఉంటే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, అకస్మాత్తుగా ఆయాసం వచ్చినా అత్యవసరంగా తీసుకువెళ్లాలి.

ఆయన మానవలసినవి నడుము వంచడం, మెలితిప్పడం, నాలుగైదు కిలోలకు మించి ఎత్తడం. లేచేటప్పుడు మోకాళ్లు ముడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా పక్కకు దొర్లి, కాళ్లు మంచం దించుతూ చేతితో నొక్కి లేవాలి. నేల మీద పీటకు బదులు కుర్చీ, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డికి బదులు కమోడ్ కుర్చీ ఏర్పాటు చేయండి. బెల్టు ఎన్ని వారాలో సర్జన్ చెప్పినంతే. మంచం మీద పడుకున్నప్పుడు సాధారణంగా అది అవసరం ఉండదు. ఊళ్లో నడుము సరిచేస్తామనే వారి చేత తైలం పెట్టి నొక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

చుట్ట విషయంలో నేను మెత్తగా చెప్పలేను. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, కొత్త ఎముక పెరుగుదలను దెబ్బతీస్తుంది. పొగాకు వాడేవారిలో పూసలు అతకకపోవడం ఎక్కువ, దానికి అదుపులో లేని షుగర్ తోడైతే గాయానికి ఇన్‌ఫెక్షన్ భయం కూడా పెరుగుతుంది. ఖైనీ, గుట్కాలో ఉన్నది కూడా నికోటినే గనుక చుట్ట మాని వాటికి మారడం వల్ల ఒరిగేదేమీ లేదు. పొగాకు మానడానికి సాయపడే ఉచిత క్విట్‌లైన్ నంబరు 1800-11-2356కు మీరే ఫోన్ కలిపి ఆయన చేతికివ్వండి.

ప్రశ్న: ఆపరేషన్ అయి ఏడాదిన్నరైంది, బాగానే ఉన్నాను. ఈ రాడ్లు తీయించాలా? ముందు ముందు ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా? 
– 34 ఏళ్ల ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: స్క్రూ వదులైనా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, చర్మం కింద ఒరుసుకొని బాధించినా తప్ప వాటిని తీయరు, తీయడం కూడా మరో ఆపరేషనే. ఇప్పుడు ఎక్కువగా వాడే టైటానియంతో ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చు. అయితే స్కాన్ గదిలోకి వెళ్లక ముందే సిబ్బందికి చెప్పి, ఆపరేషన్ కాగితాలు చూపించండి. కలిపిన పూసలు కదలవు కాబట్టి వాటికి పైనా కిందా ఉన్న డిస్కుల మీద భారం కొంత పెరుగుతుంది. బరువు పెరగకుండా చూసుకొని, ఫిజియోథెరపిస్టు నేర్పిన పొట్ట, వీపు కండరాల వ్యాయామాలు వారానికి మూడు నాలుగు రోజులైనా కొనసాగించండి, బైకు మీద గతుకుల రోడ్లలో దూర ప్రయాణాలు తగ్గించండి. ఆపరేషన్ కాగితాలను, అప్పటి ఎక్స్‌రేలను పారవేయకుండా ఒక కవరులో భద్రపరచండి. ఏ ఊరిలో ఏ డాక్టరు చూడవలసి వచ్చినా ముందుగా అడిగేవి అవే.