ఏ ఇయర్‌ఫోన్స్ కొనాలో తర్వాత చూద్దాం, ముందు ఆ చుక్కలు ఆపండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అనంతపురం నుంచి రోజూ బస్సులో తాడిపత్రి వెళ్లి, బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. రానూపోనూ మూడు గంటలు పాటలే కాలక్షేపం. ఫోన్ చార్జింగ్ చాలడం లేదని విడిగా చిన్న ఎంపీ3 ప్లేయర్, దానికి మంచి ఇయర్‌ఫోన్స్ కొందామని ఉంది. చెవులకు ఏ రకం మంచిది? రెండు నెలల నుంచి రాత్రిపూట ఎడమ చెవిలో సన్నగా కూత పెట్టినట్టు ఉంటోంది, అప్పుడప్పుడూ దురద. మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేసుకుంటే దురద కాస్త తగ్గింది. - ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: ప్లేయర్ సంగతి తర్వాత. ముందు ఆ చుక్కలు వేసుకోవడం ఆపండి. మందు పేరు రాయలేదు, ఎన్నాళ్లుగా వేస్తున్నారో రాయలేదు, సీసా మీద ఏముందో మీరూ చదివి ఉండరు. చెవిలో వేసేవన్నీ ఒకటే మందు కాదండీ. గులిమి మెత్తబడడానికి వేసేవి వేరు, ఫంగస్‌కి వేరు, చీముకి వేరు. షాపులో అడగ్గానే ఇచ్చిన సీసాలు నా దగ్గరికి పట్టుకొస్తుంటారు, వాటిలో చాలావరకు యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసినవే ఉంటాయి. స్టెరాయిడ్ పడితే దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఉన్నది ఫంగస్ అయితే మాత్రం అది ఇంకా బలుస్తుంది. అంతకన్నా భయపడాల్సింది ఇంకొకటి ఉంది. కర్ణభేరికి చిన్న చిల్లు ఉండి, జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందున్న చుక్కలు రోజుల తరబడి వేస్తే, ఆ మందు లోపలి చెవికి చేరి వినికిడే దెబ్బతినొచ్చు. చిల్లు ఉందో లేదో లైటు వేసి చూడకుండా నేనే చెప్పలేను, కౌంటర్ వెనక ఉన్నాయన ఎలా చెబుతాడు? డాక్టరే రాసిచ్చిన చుక్కలైతే, ఆపే ముందు ఆ డాక్టర్‌కి ఒక ఫోన్ చేయండి.

రెండోది, కూత ఒక్క ఎడమ చెవిలోనే అన్నారు. పెద్ద శబ్దాల వల్ల వచ్చే ఇబ్బంది మామూలుగా రెండు చెవుల్లోనూ దాదాపు సమానంగా ఉంటుంది. ఒకే వైపు ఉంటే మేం ఇంకో నాలుగు కారణాలు వెతుకుతాం. గులిమి గట్టిపడి ఉండొచ్చు, కర్ణభేరి వెనక నీరు చేరి ఉండొచ్చు, చిల్లు ఉండొచ్చు, చాలా అరుదుగా వినికిడి నరం మీద చిన్న గడ్డ ఉంటుంది, అనుమానం ఉంటే ఎంఆర్ఐ అడుగుతాం. ఈ చివరి మాటకి టెన్షన్ పడి రాత్రంతా నెట్‌లో వెతక్కండి, ఎక్కువమందిలో తేలేది అది కాదు. కండక్టర్ పిలుపు వినపడాలనో, ఫోన్ వస్తే తెలియాలనో మీరు ఎడమ వైపు ఒక్కటే పెట్టుకుంటారా? అలా పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అదైతే కొంత అర్థమవుతుంది. నొప్పి మాత్రలు తరచూ వేసుకుంటారా, బీపీ, షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నారా, ఇవి కూడా డాక్టర్‌కి చెప్పాలి.

ఇక్కడే ఒక మాట అందరికీ. పొద్దున లేచేసరికో, ఒకట్రెండు రోజుల్లోనో ఒక చెవి హఠాత్తుగా వినిపించకుండా పోతే గులిమి అడ్డం పడిందిలే అని కూర్చోవద్దు, నూనె కాచి పోయొద్దు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. నరం దెబ్బతిని ఉంటే స్టెరాయిడ్ వైద్యం మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఫలితం బాగుంటుంది. నెల తర్వాత వచ్చి ఏదైనా చేయండి సార్ అంటారు, అప్పటికి మా చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. మీది హఠాత్తుగా వచ్చినట్టు లేదు గానీ రెండు నెలలు తక్కువేం కాదు.

ఇక మీరు అసలు లెక్కలోకే తీసుకోనిది, ఫ్యాక్టరీ మోత. బండ కోసే యంత్రం, పాలిష్ యంత్రం పక్కన నిలబడి, పక్క మనిషితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందంటే అక్కడ మోత 85 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దాటిందనే అనుకోవాలి. ఆ మోతలో రోజుకి 8 గంటలు, ఏళ్ల తరబడి ఉంటే వినికిడి పోయే ప్రమాదం ఉంది. ఒకసారి పోయిన వినికిడి కణాలు మళ్లీ పుట్టవు. అక్కడ ఇయర్‌ప్లగ్స్ గానీ ఇయర్‌మఫ్స్ గానీ పెట్టుకుంటున్నారా? పాటల ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చెవులు మూసుకున్నామనుకోవడం మాత్రం వద్దు, ఆ మోతని మించి వినబడాలని సౌండ్ పెంచుతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) కలిసి తెచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. మీ బస్సు ప్రయాణం వారానికి ఆరు రోజులనుకుంటే 18 గంటలు. 83 దగ్గర వింటే 20 గంటల దాకా ఉంటుంది కాబట్టి సరిపోతుంది. అదే 89కి పెంచితే 5 గంటలే, సోమవారం మొదలుపెడితే మంగళవారం సాయంత్రం బస్సులోనే మీ వారం కోటా అయిపోతుంది. ఫ్యాక్టరీ మోత కలపకుండానే ఈ లెక్క.

సరే, మీరు అడిగినదానికి వస్తా. ప్లేయర్ ఏ కంపెనీదన్నది చెవికి తేడా చేయదు. యాపిల్ వాళ్లే 2022లో తమ పాటల ప్లేయర్ ఐపాడ్‌ని ఆపేశారు, అయినా మీకు కావాలంటే కొనుక్కోండి. ఒక్కటి గమనించండి, ఐఫోన్‌లో మీరు ఎన్ని డెసిబెల్స్ వింటున్నారో కనిపిస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు సౌండ్ మరీ పెంచితే హెచ్చరిస్తాయి. చవక ప్లేయర్‌లో అవి ఉండవు. నన్నడిగితే ఫోన్‌కే ఒక పవర్ బ్యాంక్ కొనుక్కోండి. ఇయర్‌ఫోన్స్‌లో బయటి మోత లోపలికి రానివ్వనివి బస్సుకి మంచివి, ఎందుకంటే ఇంజిన్ మోతకి పోటీగా సౌండ్ పెంచాల్సిన పని ఉండదు. చెవిని మొత్తం కప్పే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ అయితే మేలు, ఎండాకాలం ఉక్కగా ఉంటుంది, అది భరించాలి. సిలికాన్ బుడ్డీలవి కూడా మోతను ఆపుతాయి గానీ మీకు చెవి దురద ఉంది కాబట్టి, డాక్టర్ చూసి సరే అనేదాకా చెవి లోపల ఏదీ పెట్టొద్దు. ఆ తర్వాత కూడా వాటిని కడిగి ఆరబెట్టి వాడండి, ఎవరికీ ఇవ్వొద్దు. సౌండ్ ఎంత ఉండాలో ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడే సరిచూసి పెట్టుకోండి, బస్సెక్కాక పెంచొద్దు. పెట్టుకుని నిద్రపోవద్దు. బస్సు దిగి రోడ్డు దాటేటప్పుడు తీసేయండి. దురదకి బడ్స్, పిన్నీసులు, అగ్గిపుల్లలు పెడుతున్నారేమో, అడగడానికే భయంగా ఉంది.

సర్వజన ఆస్పత్రి ఈఎన్‌టీ ఓపీకి వెళ్లండి, లేదా మీకు తెలిసిన ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి. చెవి చూశాక అవసరాన్ని బట్టి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, రాస్తారు. డ్యూటీ దిగి నేరుగా వెళ్లొద్దు, మోతలోంచి వచ్చిన చెవి కాసేపు మందంగా ఉంటుంది, రిపోర్టు తప్పు రావొచ్చు. ఆదివారం సెలవైతే ఆ రోజు పాటలు మానేసి సోమవారం పొద్దున వెళ్లండి. చుక్కల సీసా పారేయకండి, జేబులో వేసుకెళ్లి చూపించండి.