హనుమకొండలో కిరాయి ఇల్లు కొంటే గిట్టుబాటవుతుందా?

నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు 30 లక్షలకు 20 లక్షల లోన్ కలిపి హనుమకొండలో రెండు పోర్షన్ల ఇల్లు కొనొచ్చా, నెలకు 16 వేలు కిరాయి వస్తుందని బ్రోకర్ అంటున్నాడు అని అడిగారు. 2017లో నేను కొన్నది దాదాపు అలాంటి ఇల్లే.

ముందు బ్రోకర్ చెప్పని లెక్క. నెలకు 16 వేలంటే ఏడాదికి 1,92,000. అది పన్నెండు నెలలూ ఇల్లు నిండి ఉంటేనే. నా పై పోర్షన్‌లో స్టూడెంట్లు ఉండేవాళ్లు. పరీక్షలు కాగానే సామాన్లు సర్దుకుని పోతే, మళ్లీ కాలేజీలు తెరిచేదాకా తాళమే. ఖాళీ నెలలు, కాలిపోయిన మోటరు, గోడలకు సున్నం, ఇంటి పన్ను తీసేస్తే మీకు మిగిలేది 1,30,000 అనుకోండి. మీ 20 లక్షల లోన్‌కు ఎనిమిదిన్నర శాతం వడ్డీ వేసుకున్నా మొదటి ఏడాది వడ్డీయే 1,70,000 దాకా అవుతుంది. అసలు తీర్చే సంగతి తర్వాత. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం మీ 50 లక్షల్లో కలిపారా? స్థలం రేటు పెరుగుతుందని కొంటే కొనండి. కిరాయితో ఈఎంఐ కట్టేద్దామని మాత్రం కొనకండి.

ఇక నేను నిజంగా దెబ్బతిన్నది నీళ్ల దగ్గర. నేను ఇల్లు చూసింది ఫిబ్రవరిలో. పక్కన నాలా ఎండిపోయి ఉంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు. పైగా గాలి బాగా వస్తుందని సంతోషపడ్డాను! 2020 ఆగస్టు వానలకు ఊళ్లో చాలా కాలనీలు మునిగినప్పుడు మా కింది పోర్షన్‌లోకి మోకాలు దాటి నీళ్లొచ్చాయి. చంటిపిల్లతో ఉన్న కుటుంబం రాత్రికి రాత్రి పైకెక్కింది. వారంలో ఖాళీ చేస్తామంటే అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చేశాను, ఏ ముఖంతో పట్టుకుంటాం? తర్వాత ఐదు నెలలు టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్లు గోడమీద మరక చూసి వెళ్లిపోయారు. మనది గొలుసుకట్టు చెరువుల ప్రాంతం. పై చెరువు నిండితే నీళ్లు కిందికి పారాల్సిందే, ఆ దారిలోనే మనం కాలనీలు వేసుకున్నాం. అందుకే వాన పడుతుండగా ఒకసారి వెళ్లి చూడండి. గోడకు కింది మూడడుగులే కొత్త రంగు వేసి ఉంటే అనుమానించండి. వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడిగితే 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తాడు. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు (ఎఫ్‌టీఎల్), దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని బఫర్ హద్దు ఇరిగేషన్ వాళ్ల దగ్గర, కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ (కుడా) మాస్టర్ ప్లాన్‌లో చూసుకోండి.

కాగితాల విషయంలో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే అయిపోయిందనుకోవద్దు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అమ్మేవాళ్ల అన్నదమ్ములెవరైనా తెల్లకాగితం మీద ఇంకొకరికి రాసిచ్చి ఉంటే అందులో కనపడదు. లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల నుంచి చేతులు మారిన దస్తావేజులు, వరుసగా ఉన్నాయో లేదో వకీలుకు చూపించండి, ఆ తర్వాత పక్కింటివాళ్లను కూడా కదిపి చూడండి. మా మేనమామ ఒక తగాదా నుంచి అలాగే తప్పించుకున్నాడు.

కిరాయిదారుల విషయానికొస్తే, రెండు పోర్షన్లకు కరెంటు మీటర్లు వేరుగా ఉన్నాయా చూడండి. ఒకే మీటరైతే యూనిట్లు కలిసి పై స్లాబులోకి పోతాయి, నెలనెలా ఇంట్లో పంచాయితీ. పదకొండు నెలల అగ్రిమెంటు తెలిసినవాళ్లైనా రాయించుకోండి.

సాయంత్రంలోపు టోకెన్ ఇవ్వకపోతే ఇంకో పార్టీ కొనేస్తుందని మీ బ్రోకర్ కూడా అంటుండవచ్చు. నాకూ అదే చెప్పారు, ఆ పార్టీని నేనైతే ఇప్పటిదాకా చూడలేదు. ఇల్లు ఏ కాలనీలోనో రాయండి, అక్కడ నీళ్లు వచ్చాయో లేదో నాకు తెలిసినంత చెప్తాను.