ఆ ఒక్క మాట అనేస్తే ఇల్లు నిలబడుతుందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది పల్నాడు జిల్లా. ఐదేళ్ల పాప ఉంది. రెండేళ్ల క్రితం యేసు ప్రభువును నమ్ముకున్నాను. ఇంట్లో తెలిసినప్పటి నుంచి గొడవలే. మా అత్తగారు బైబిల్ చింపేశారు. ఆదివారం గడప దాటనివ్వరు. మా ఆయన మంచివారే కానీ, తాగి వచ్చి రెండుసార్లు చెయ్యి చేసుకున్నారు. ఈసారి వరలక్ష్మీ వ్రతానికి పీటల మీద కూర్చుని, బంధువులందరి ముందు "నాకు ఆ పిచ్చి వదిలిపోయింది" అని చెప్పాలట. లేదంటే పుట్టింటికి పంపేస్తారట. ప్రార్థన గుంపులోని అక్కలేమో బొట్టు, తాళి తీసెయ్యమంటున్నారు. తియ్యకపోతే ప్రభువు నన్ను ఎరుగనంటాడట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయను?

జవాబు: అమ్మా, అత్తగారు మిమ్మల్ని అబద్ధం చెప్పమంటున్నారు. అక్కలు అక్కర్లేని యుద్ధం చేయమంటున్నారు. మీరు ఈ రెండూ చేయనక్కర్లేదు.

"పిచ్చి వదిలింది" అన్న మాట మాత్రం అనకండి. ఇలాంటి ఇరకాటం మీ ఒక్కరికే రాలేదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డేసియస్, అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల దగ్గర చీటీ రాయించుకోవాలని ఆజ్ఞ వేశాడు. కొందరు క్రైస్తవులు బలి జోలికి పోకుండా డబ్బిచ్చి చీటీ మాత్రం సంపాదించారు. చేతులతో ఏమీ చేయలేదు కదా, కాగితమే కదా అనుకున్నారు. ప్రాణాలైతే దక్కాయి కానీ, ఆ కాగితం వాళ్ల మనసును తినేసింది. వాళ్లను మళ్లీ చేర్చుకోవాలా వద్దా అని సంఘంలో పెద్ద రగడే జరిగింది. చివరికి పశ్చాత్తాపపడినవాళ్లను చేర్చుకున్నారు. కాబట్టి భయంతో ఎప్పుడైనా నోరు జారినా దేవుడు తలుపు మూసేస్తాడని అనుకోకండి. అయినా తెలిసి తెలిసి ఆ చీటీ కొనుక్కోవద్దనే నేనంటాను.

ఆ రగడలో పెద్దమనిషి, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగర బిషప్ సిప్రియన్. డేసియస్ హింస మొదలవగానే ఆయన ఊరు వదిలి దాక్కున్నాడు, అజ్ఞాతం నుంచే ఉత్తరాలతో సంఘాన్ని నడిపాడు. పిరికివాడని కొందరు ఎత్తిపొడిచారు కూడా. అదే మనిషి 258లో వేరే చక్రవర్తి కాలంలో విశ్వాసం వదలనని చెప్పి శిరచ్ఛేదానికి సిద్ధపడ్డాడు. ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మని ప్రభువే శిష్యులతో అన్నాడు (మత్తయి 10:23). తప్పుకోవడం వేరు, కాదనడం వేరు.

అందుకే దెబ్బల సంగతి విడిగా చెబుతున్నాను. తాగి కొట్టడాన్ని సిలువ మోయడమని ఎవరైనా సర్దిచెబితే వినకండి. మళ్లీ చెయ్యి లేస్తే పాపను తీసుకుని బయటపడండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారని అడగదు.

వ్రతం రోజు వంట చేయండి, ముత్తయిదువలకు మర్యాదలు చేయండి, తాంబూలాలు సర్దిపెట్టండి. కోడలిగా అది మీ ఇంటి పని. పీటల మీద కూర్చుని పూజ చేయడం మాత్రం మీ వల్ల కాదని ముందే చెప్పండి. బైబిల్లో సిరియా సేనాధిపతి నయమాను, రాజు తన చేతికి ఆనుకుని రిమ్మోను అనే దేవత గుడిలోకి వెళ్లేటప్పుడు తానూ వెళ్లక తప్పదని చెప్పుకున్నప్పుడు ఎలీషా ప్రవక్త అతన్ని కసరలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. ఎంతవరకు వెళ్లొచ్చన్నదాని మీద సంఘాల్లో ఏకాభిప్రాయం లేదు. మీ మనస్సాక్షి ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగండి.

ఇక బొట్టు, తాళి. ప్రభువు ఎరుగనంటానన్నది మనుషుల ముందు తనను ఎరుగనన్నవాళ్లను. తాళి ఉన్నవాళ్లను కాదు. తెలుగు క్రైస్తవ పెళ్లిళ్లలోనే ఎన్నోచోట్ల తాళి కట్టిస్తారు. మీరు తాళి తీస్తే మీ ఆయనకు వినిపించేది "నువ్వు నాకు భర్తవు కాదు" అని. మీరు చెప్పదలచుకున్నది అది కాదుగా! అక్కలకు కాపురం వాళ్లది కాదు కాబట్టి సలహా తేలిగ్గా వస్తుంది.

అత్తగారి మీద నాకు కోపం లేదు అనలేను, బైబిల్ చింపడం తప్పే. కానీ ఆవిడ భయం ఏమిటో ఆలోచించండి. బంధువుల్లో తలెత్తుకోలేమని, మనవరాలు తమకు కాకుండా పోతుందని. ఆవిడ దేవుళ్లను ఇంట్లో ఒక్క మాట కూడా అనకండి. ఆ మాట అని తిట్లు తింటే అది విశ్వాసం కోసం పడిన బాధ కాదు.

బాప్తిస్మం తీసుకోమని తొందరపెడుతుంటే ఒకటి తెలుసుకోండి. మీది హిందూ పెళ్లి అయితే, భార్య మతం మారిందన్న కారణంతో హిందూ వివాహ చట్టం కింద భర్త విడాకులు కోరవచ్చు. అలాగని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం కింద మీకూ పాపకూ భరణం అడగడానికి మతం అడ్డు కాదు. బాప్తిస్మం తీసుకోవద్దని అనడం లేదు, తెలిసి తీసుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

వ్రతం దాకా ఆగకండి. మీ ఆయన తాగని పూట, పక్కన అత్తగారు లేనప్పుడు చెప్పండి: "నేను మిమ్మల్నీ, ఈ ఇంటినీ వదలను. పని అంతా చేస్తాను. అబద్ధం చెప్పమని మాత్రం అడక్కండి." ఆయన ఆ రోజే ఒప్పుకుంటారని నేను అనుకోవడం లేదు. మాట్లాడే ముందే పుట్టింట్లో ఒకరికి విషయం చెప్పి ఉంచండి. మీ సర్టిఫికెట్లు, పాప ఆధార్ కార్డు కూడా వాళ్ల దగ్గర పెట్టండి.