ఫోన్ మోగితే గుండెదడ

"రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్. ఆ రింగ్‌టోన్ వినగానే గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు, చచ్చిపోతానేమో అనిపిస్తుంది. రెండుసార్లు ఎమర్జెన్సీకి వెళ్లాను. ఈసీజీ, టూడీ ఎకో నార్మల్. పానిక్ డిజార్డర్ అన్నారు. ఫ్రెండ్ ఇచ్చిన అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) వేసుకుంటున్నాను. చిన్నప్పటి నుంచీ అమ్మానాన్నల గొడవలకు నేనే మధ్యవర్తిని. ఫిబ్రవరిలో పెళ్లి. వాయిదా వేయమంటారా?"
- 30 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

వాయిదా అక్కర్లేదు. ఆ అమ్మాయికి మాత్రం ముందే చెప్పండి, దాచిపెట్టి తాళి కట్టడం అన్యాయం. ఇక పెళ్లి సంగతి వదిలేద్దాం.

ఎనిమిదేళ్లప్పుడు నాన్న పళ్లెం విసిరేస్తే మెతుకులు ఏరి, అమ్మ కళ్లు తుడిచి, ఆ తర్వాత హోంవర్క్ చేసుకున్నానని రాశారు. గేటు చప్పుడును బట్టే నాన్న మూడ్ పసిగట్టేవారట. మీ ఒళ్లు ఇంకా ఆ కాపలా కాస్తూనే ఉంది. అప్పుడు గేటు, ఇప్పుడు రింగ్‌టోన్. అలాంటి ఇళ్లలో పెరిగిన అందరికీ పానిక్ రాదు, వంశపారంపర్యం కూడా కొంత ఉంటుంది. మీ విషయంలో మాత్రం అది ఏ దారిన వచ్చిందో కనబడుతూనే ఉంది.

మీ అమ్మగారి కష్టం నిజమే. కానీ 'నీ మొహం చూసే బతుకుతున్నా' అని రోజూ కొడుక్కి చెప్పే తల్లులంటే నాకు కోపం. తల్లిని చూసుకోవడం కొడుకు బాధ్యతే. ఆమె కాపురం చక్కదిద్దడం ఏనాడూ మీ పని కాదు. అందుకు ఆవిడ అన్నదమ్ములున్నారు, పెద్దమనుషులున్నారు. మీ నాన్న చెయ్యి చేసుకుంటుంటే అది వేరే సంగతి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆవిడకు ఇవ్వండి.

ఫ్రెండ్ మాత్రలేంటండీ! అల్ప్రాజోలం అలవాటైపోతుంది, రోజూ వేసుకుంటుంటే ఠక్కున మానకూడదు కూడా. సైకియాట్రిస్టుకు చెప్పి మెల్లగా తగ్గించుకోండి. ఆయనిచ్చే మందు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స) కూడా అడగండి. థైరాయిడ్ టెస్టు చేయించుకోండి. దడ సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి వెళ్లి తగ్గుతుంది, కూర్చున్నచోటే కూర్చోండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఆదివారం పగటిపూట మీరే అమ్మకు ఫోన్ చేయండి. మోకాళ్ల నొప్పులు, పెళ్లి చీరలు, ఎంతసేపైనా మాట్లాడండి. నాన్న మాట ఎత్తగానే 'అది నాన్నతోనే తేల్చుకో అమ్మా' అనండి. ఏడుస్తుంది. 'పెళ్లి కాకముందే మారిపోయావు' అంటుంది. ఫోన్ పెట్టేయకండి, అన్న మాట వెనక్కీ తీసుకోకండి.