పార్కు బోర్డుల పని చేపట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హైదరాబాద్ నగరంలోని పార్కులకు, ఆట స్థలాలకు, వార్డు కార్యాలయాలకు, కమ్యూనిటీ హాళ్లకు ఒకే తీరులో బోర్డులు రూపొందించే పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంతో సంతోషం వేసింది. కుంచెతో ఎనామిల్ రంగులు వేసిన కాలం నుంచి యంత్రం కోసే స్టిక్కర్ల కాలం దాకా ఈ ఊళ్లో నేను చేసింది బోర్డుల పనే. కాబట్టి నువ్వు అడగకముందే నాకు తెలిసినవి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట మనసులో పెట్టుకో. నువ్వు ఎంత చక్కగా చేయించినా ఆ బోర్డు కొన్నేళ్లకు ఎండకు వెలుస్తుంది, లేదా చెట్టు కొమ్మ పడి వంగిపోతుంది. అప్పుడు దాని చోట కొత్తది చేయించేది నువ్వు కాదు. అప్పుడే బదిలీ మీద వచ్చిన ఇంజినీరు ఎవరో దగ్గర్లోని దుకాణానికి కబురు పెట్టి చేయిస్తారు. ఆ రోజున కూడా అదే బోర్డు తయారు కావాలి. బోర్డులన్నీ ఒకేలా ఉండటమనేది ప్రారంభోత్సవం నాటి సంగతి కాదమ్మా. అది నిలిచేదీ చెడేదీ ఈ మరమ్మతుల దగ్గరే. ఏ నిర్ణయం తీసుకునేటప్పుడైనా ఆ ఇంజినీరును, ఆ దుకాణం వాళ్లను తలచుకో.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు తిరిగి చూడు. ఇందిరా పార్కు నుంచి కాలనీ మధ్యలో అర ఎకరంలో ఉండే చిన్న పార్కు దాకా అన్ని రకాలూ చూడు. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్, చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు కలిసి 2007లో గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) అయ్యాయి. అంతకుముందు ఎవరి బోర్డులు వాళ్లవే. పైగా ఈ నగరంలో పార్కులన్నీ ఒకే సంస్థవి కావు. ఇందిరా పార్కు జీహెచ్ఎంసీది, సంజీవయ్య పార్కు, లుంబినీ పార్కు నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏవి, కేబీఆర్ పార్కు అటవీ శాఖది. పిల్లలను తీసుకుని వచ్చే తల్లికి ఈ తేడాలతో పని లేదు. ఆమెకు కావలసింది నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, బయటికి దారి ఎటు అన్నదే. మిగతా సంస్థల బోర్డులు మార్చే అధికారం నీకు లేదు. కానీ గుర్తులైనా అందరికీ తెలిసినవే వాడితే ఆ తల్లి ఏ పార్కుకు వెళ్లినా కొత్తగా నేర్చుకోనక్కరలేదు. అమెరికాలో గ్రాఫిక్ డిజైనర్ల సంస్థ, అక్కడి రవాణా శాఖ కలిసి 1974లో 34 గుర్తులు, తర్వాత 1979లో మరో 16 తయారుచేశాయి. అవి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇలాంటి గుర్తులకు ఐఎస్ఓ 7001 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. కుళాయి బొమ్మను కొత్తగా కనిపెట్టాలన్న ఉబలాటం పెట్టుకోవద్దు.

తిరిగేటప్పుడు ఉన్న ప్రతి బోర్డునూ ఫోటో తీసి, తీసేయాల్సినవి ఏవో ముందు గుర్తించు. ఒకే గేటు దగ్గర నాలుగు బోర్డులు, నాలుగు రంగులు, ఒకదాన్ని ఒకటి కప్పేస్తూ కనిపిస్తాయి. పాతవి పీకేయకుండా కొత్తవి పెడితే నీ పని అయిదో బోర్డు అవుతుంది, అంతే. పాతవాటిని తొలగించే ఖర్చును టెండరులో విడిగా రాయించు. రాయకపోతే కాంట్రాక్టరు వాటిని ముట్టుకోడు.

ఇప్పుడు అక్షరాల సంగతి. దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. మన పనిలో పాత లెక్క ఒకటి ఉంది: పది అడుగుల దూరానికి అక్షరం అంగుళం ఎత్తు ఉండాలి. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు కట్టిన లెక్క. తెలుగుకు చాలదు. నేనైతే ఒకటిన్నర రెట్లు తీసుకుంటాను. అది కూడా గుడి, వత్తు కలుపుకుని కాదు, మధ్యలో ఉండే అక్షరం ఒంటిని మాత్రమే కొలవాలి. ‘స్త్రీలు’ అని రాసి చూడు. స పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, దాన్ని చుట్టుకుని క్రావడి. ఇంగ్లీషు వరుసల ఎడమే తెలుగుకూ ఇస్తే ఆ క్రావడి కింది వరుస మీద పడుతుంది. ‘గ్రంథాలయం’ ఇంకో పరీక్ష. థ పొట్టలోని చుక్కే దాన్ని ధ నుంచి వేరు చేస్తుంది. లావు అక్షరాలు ఎంచుకుంటే దూరం నుంచి ఆ చుక్క పూడుకుపోయి, బోర్డు తప్పుగా రాసినట్టు కనిపిస్తుంది. అందుకే మరీ లావూ కాని, మరీ సన్నమూ కాని ఫాంట్ తీసుకో. అనేక్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు, హింద్ గుంటూరు వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఉచితం అనడం డబ్బు కోసం కాదు. నువ్వు కొన్న ఖరీదైన ఫాంట్ రేపటి దుకాణంలో ఉండదు, వాళ్లు తమ దగ్గర ఉన్నదేదో వేసేస్తారు.

మన దుకాణాల్లో ఇప్పటికీ చాలామంది ‘అను’ అనే పాత రకం ఫాంట్లతోనే పని చేస్తారు. నువ్వు యూనికోడ్‌లో పంపిన పాఠం అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వత్తులన్నీ ఊడిపోయి పొల్లు హల్లులుగా బారులు తీరుతాయి. ఉర్దూ గతి ఇంకా ఘోరం. అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరుసలో వస్తాయి. కాబట్టి అచ్చుకు వెళ్లే ప్రతి మాటనూ ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా, అంటే కర్వ్స్‌గా మార్చిన ఫైలే ఇవ్వు. టైపు చేసుకోమని ఎవరికీ చెప్పవద్దు.

ఉర్దూను మన రాష్ట్రంలో 2017లో రెండో అధికార భాషగా ప్రకటించారు. దాన్ని బోర్డు చివర మిగిలిన చోట ఇరికించడం మర్యాద కాదు. ఉర్దూ పాఠకులకు అలవాటైన నస్తాలిక్ రాతలో ప్రతి మాటా కుడి పైనుంచి ఎడమ కిందికి వాలుతుంది. దానికి ఎత్తు ఎక్కువ కావాలి. మూడు భాషలకూ ఒకే పాయింటు సైజు ఇచ్చి సమానం చేశాననుకోకు. మూడింటినీ గోడ మీద పెట్టి, దూరం నుంచి చూసి, కంటికి సమానంగా ఆనేదాకా సైజులు సరిచెయ్యి. తెలుగు, ఇంగ్లీషు ఎడమ అంచు నుంచి, ఉర్దూ కుడి అంచు నుంచి మొదలవ్వాలి. బాణం గుర్తు మాత్రం భాషను బట్టి తిరగదు. ఎటు వెళ్లాలో అటే చూపాలి, బోర్డుకు ఆ వైపు అంచునే ఉండాలి. ఎడమకు చూపే బాణం కుడి చివర ఉంటే నడిచే మనిషి ఒక్క క్షణం తడబడతాడు.

దేనికి ఏ పేరు వాడతావో ముందే తేల్చుకో. మరుగుదొడ్లు, టాయిలెట్లు, శౌచాలయం అంటూ ఒకే పార్కులో మూడు పేర్లు కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుని నగరమంతా అదే ఉంచు. అంకెలు మూడు భాషలకూ కలిపి ఒక్కసారి రాస్తే చాలు.

బ్రిటన్‌లో జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనే ఇద్దరు చేసిన రోడ్డు బోర్డుల పద్ధతి 1965లో అక్కడ అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లు చేసిన గొప్ప పని కొలతల్లో ఉంది. అక్షరం గీత మందాన్నే కొలమానంగా పెట్టుకుని, అంచు దగ్గర ఎన్ని మందాలు వదలాలి, వరుసల మధ్య ఎన్ని వదలాలి అని రాసిపెట్టారు. ముందు అక్షరం సైజు తేలితే బోర్డు సైజు దానంతటదే వస్తుంది. నువ్వూ అలాగే చెయ్యి. ‘నాలుగు అడుగుల బోర్డు’ అని మొదలుపెట్టి అందులో మాటలు కుక్కడం మన దగ్గర ఉన్న పెద్ద జాడ్యం.

రంగు దగ్గర నీకు ఒత్తిడి వస్తుంది. పార్కు అనగానే అందరూ ఆకుపచ్చే అడుగుతారు. చెట్ల ముందు ఆకుపచ్చ బోర్డు ఆకుల్లో కలిసిపోతుంది. ముదురు గోధుమ మీద తెలుపు పెట్టి పక్కపక్కన చూపించు, వాళ్లే ఒప్పుకుంటారు. రంగు పేరు రాయవద్దు, ఆర్ఏఎల్ అనే రంగుల పట్టికలోని నంబరు రాయి. ‘చాక్లెట్ బ్రౌన్’ అంటే పది దుకాణాల్లో పది రంగులు, ఆర్ఏఎల్ 8017 అంటే ఒక్కటే. ఎరుపు విషయంలో జాగ్రత్త. మన ఎండకు స్టిక్కర్లలో ముందు వెలిసేది ఎరుపే, నలుపు ఎంతకాలమైనా ఉంటుంది. కుక్కలను తేవద్దని పెట్టిన గుర్తులో ఎర్ర వలయం, అడ్డగీత మాయమై నల్లటి కుక్క బొమ్మ ఒక్కటే మిగిలితే ఆ బోర్డు చెప్పేదానికి అర్థమే తిరగబడుతుంది. నిషేధం గుర్తులకు మంచి రకం స్టిక్కరు, దాని మీద యూవీ లామినేషన్ తప్పనిసరి చెయ్యి. ఉపరితలం మ్యాట్‌గా ఉండాలి. మెరిసే బోర్డును మధ్యాహ్నం పూట ఎవరూ చదవలేరు. ఫ్లెక్సు శాశ్వతమైన పనికి వద్దు. స్తంభాలు గాల్వనైజ్ చేసి పౌడర్ కోటింగ్ వేసినవి అయితే నిలుస్తాయి, కానీ స్ప్రింక్లర్ల నీళ్లు రోజూ తగిలే పచ్చికలో పైపు సరిగ్గా నేలమట్టం దగ్గర తుప్పు పట్టి విరుగుతుంది. అక్కడ సిమెంటును నేల కంటే రెండు మూడు అంగుళాలు పైకి లేపి, నీళ్లు జారేలా వాలు పెట్టించు. తోటమాలిని అడిగి ఏ మొక్క ఎంత ఎత్తు పెరుగుతుందో తెలుసుకో. అప్పుడు మీ బోర్డును బోగన్‌విలియా కప్పేయదు.

మారేవి, మారనివి విడదీయి. వేళలు, రుసుము, ఫోను నంబరు మారుతూ ఉంటాయి. అవి నాలుగు స్క్రూలు తీస్తే వచ్చే విడి పలక మీద ఉండాలి. నాయకుల పేర్లు, ఫోటోలు, దాతల పేర్లు దారి చూపే బోర్డు మీద పెట్టమంటారు. గౌరవంగా వద్దని చెప్పు, శిలాఫలకానికి గేటు లోపల మంచి చోటు నువ్వే చూపించు. చోటు చూపిస్తే ఎవరూ నొచ్చుకోరు. నిషేధాల జాబితా కూడా గేటు దగ్గర గుదిగుచ్చవద్దు. పువ్వులు కోయవద్దన్న మాట పూల మడి దగ్గరే పనిచేస్తుంది.

పటం పెట్టేచోట, చూసే మనిషి ముందున్నది పటంలో పైన ఉండాలి. ఒకే పటం అచ్చువేసి అన్ని గేట్లకూ బిగిస్తే సగం మంది ఎదురు దిశలో నడుస్తారు. గదుల పేర్లను బ్రెయిలీలో కూడా పెట్టు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజల భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలి. ఆ పలక తలుపు మీద కాదు, గడియ వైపు గోడకు, నేల నుంచి 4, 5 అడుగుల మధ్య ఉండాలి. నడక దారి మీదికి వచ్చే బోర్డు కింద ఏడు అడుగులైనా ఖాళీ వదులు.

ఇంకొకటి, ఇది తప్పక చెయ్యి. ప్రతి బోర్డు కింది మూలన ఒక నంబరు వేయించు. పొద్దున నడకలో ఎవరైనా కుప్పకూలితే పక్కనున్నవాళ్లు 108కి ఫోను చేసి ‘చెట్ల దగ్గర’ అని చెప్పి ఊరుకుంటారు. నంబరు ఉంటే గేటు దగ్గరి వాచ్‌మన్ అంబులెన్సును తిన్నగా అక్కడికే పంపగలడు. మరమ్మతుకు కూడా అదే నంబరు పనికొస్తుంది.

డిజైన్ ఖరారు చేసే ముందు అసలు సైజులో కాగితం మీద అచ్చువేసి, అట్టకు అంటించి, అసలు చోటే నిలబెట్టు. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, మసక చీకట్లో చూడు. దారి తెలియని వాళ్లను నలుగురిని నడిపించి, నువ్వు నోరు మెదపకుండా వెనకాల వెళ్లు. వాళ్లు ఆగిన ప్రతి చోటా నీకు పని ఉంది.

చివరికి అధికారులకు ఇచ్చే పుస్తకం చిన్నదిగా, తెలుగులో రాయి. కొలతలు, రంగు నంబర్లు, మాటల పట్టిక, స్తంభం గీత, కర్వ్స్ ఫైళ్లు ఎక్కడున్నాయో, అవీ చాలు. ఒక నమూనా బోర్డును ఆమోదించి సంతకం చేయించి కార్యాలయంలోనే ఉంచమను. కాంట్రాక్టరు ఎవరు వచ్చినా దాని పక్కన పెట్టి పోల్చుకుంటారు.

మాటల పట్టిక సిద్ధం కాగానే నాకు పంపు, తెలుగు నేను సరిచూస్తాను. ఉర్దూ కోసం నాతో కలిసి ఉర్దూ అక్షరాలు రాసిన కాతిబ్ సాహెబ్ పాతబస్తీలోనే ఉన్నారు, ఆయన దగ్గరికి నిన్ను నేనే తీసుకెళ్తాను. కాగితపు నమూనాలు పార్కులో నిలబెట్టే రోజు ముందుగా చెప్పు. కళ్లద్దాలు లేకుండా చదివి చూడటానికి నేనూ వస్తాను.

మీ
మామయ్య